మొదటి చీటీ

ఉదయం ఎనిమిదింపావుకి ఆఫీసు అద్దం మీద టక్ టక్ టక్‌మని మూడుసార్లు చప్పుడైంది. చీట్లమ్మ తల ఎత్తకుండానే హాజరు పుస్తకంలో బక్కాయన పేరు ఎదురుగా టిక్కు పెట్టేసింది. పెట్టాక గుర్తొచ్చింది. బక్కాయన పోయి అప్పటికి నాలుగు రోజులు.

లేచి వెళ్ళి తలుపు తీసి చూసింది. వరండాలో మనిషన్నవాడు లేడు. గోడకి వేలాడదీసిన ఇనప కొక్కేలు గాలికి ఊగి అద్దానికి తగులుతున్నాయి. గాలే. కానీ సరిగ్గా మూడు కొట్టి ఊరుకోమని గాలికి ఎవరు నేర్పారు? బక్కాయన లోపలికొచ్చి సంతకం పెట్టిన పాపాన ఏనాడూ పోలేదు. బూట్లకి సబ్బునీళ్ళున్నాయని సాకు చెప్పి, వేలి కణుపుతో అద్దం మీద మూడు కొట్టి, ఓ నవ్వు నవ్వి లిఫ్టు వైపు వెళ్ళిపోయేవాడు. ఆమె టిక్కు పెట్టేది. ఆరేళ్ళుగా వాళ్ళిద్దరి పలకరింపూ అంతే.

ఇప్పుడా టిక్కుని ఏం చెయ్యాలి? కొట్టేయడానికి చెయ్యి రాలేదు. పుస్తకం మూసి డ్రాయరులో పెట్టి, డ్రాయరులోంచి చీట్ల డబ్బా తీసింది.

ఎత్తు భవనాల అద్దాలు తుడిచే కంపెనీ అది. ఒకడు తాడుకి కుర్చీ తగిలించుకుని గోడ వెంట కిందికి జారతాడు. వాడు దిగేవాడు. ఇంకొకడు డాబా మీద నిలబడి, దిగేవాడి నడుముకున్న రెండో తాడుని కొంచెం కొంచెంగా వదులుతాడు, ఆపమంటే ఆపుతాడు. వాడు పట్టేవాడు. మొదటి తాడు గోడ అంచుకి రాసుకుని తెగినా రెండో తాడు మనిషిని పట్టుకోవాలి. ఐదుగురు దిగేవాళ్ళు, ఐదుగురు పట్టేవాళ్ళు. ఎవరి ప్రాణం ఎవరి చేతిలో ఉండాలో వారం వారం చార్టు వేసేది ఈమె. దిగేవాళ్ళ పేర్లు నీలం అట్టముక్కల మీద, పట్టేవాళ్ళవి పసుపు ముక్కల మీద రాసుకుని, బల్ల మీద పేర్చి జతలు కడుతుంది. అందుకని చీట్లమ్మ. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు.

చూసేవాళ్ళకి పిల్లలాటలా ఉంటుంది గానీ, ఎవణ్ణి పడితే వాణ్ణి ఎవడి పక్కన పడితే వాడి పక్కన పెడితే కుదరదు. పహిల్వాన్ అని ఒకడున్నాడు, వాడి బరువుకి మీసాలాయనో డ్రైవరో తప్ప ఇంకెవరు పట్టినా పట్టినవాణ్ణి కూడా కిందికి లాక్కుపోతాడు. పాటగాడిది కొత్త మోటారు కుర్చీ, దాని మీటలు తెలిసింది పెద్దాయనకీ, మేనేజరు బామ్మర్దికీ. మిరపకాయకి డ్రైవరుతో మాటల్లేవు, రేడియో బాబాయికి వాడి బరువు ఆగదు. బక్కాయన పాత టవరు మనిషి, ఆ డాబా ఎక్కే పాసు ఉన్నది డ్రైవరుకీ రేడియో బాబాయికీ మాత్రమే. ఇక బావ. ఆమె అక్క మొగుడు. ఈమె 'బావా' అని పిలిచీ పిలిచీ కంపెనీ మొత్తానికి బావ అయిపోయాడు, వాచ్‌మన్ కూడా 'బావగారొచ్చారా' అంటాడు. బావది పాతకాలం చెక్క కుర్చీ. దాని ముడి వెయ్యడం పెద్దాయనకీ రేడియో బాబాయికే వచ్చు.

ఇన్ని తిరకాసుల మధ్య ఐదు జతలూ కుదరాలి, ఒక్కడూ మిగలకూడదు. ఈమెకి అందులో ఒక కిటుకు పట్టుబడింది. చార్టులో ఏదో ఒక జత ఉంటుంది, దాన్ని ముందు పెడితే చాలు, మిగతావన్నీ వేరే దారి లేక వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఒక్కోసారి రెండు జతలు పెట్టాలి, ఒక్కోసారి ఒకటే చాలు. దాన్ని ఆమె తాళం అనేది. "తాళం పడిందమ్మా" అని డబ్బా మూసేది. ఆ మాటంటే ఆమెకి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. ఎండలోంచి రాలేదు, అయినా మొహం తుడుచుకుంటున్నాడు.

"రేపు పదకొండింటికి విచారణకి ఆఫీసరొస్తున్నాడమ్మా. చార్టు వేసింది మీరే కదా, ఒకవేళ అడిగితే..."

"నేనే. కానీ శనివారం సాయంత్రం ఇదే కుర్చీలో కూర్చుని, మా బామ్మర్దిని ఆ మిరపకాయ నోటినించి తప్పించండి, పాటగాడి జత వెయ్యండి అన్నది ఎవరు?"

"అన్నాను. వాడు వీణ్ణి ఫోను చూస్తున్నావని నలుగురిలో తిట్టాడు. అన్నాను. ఒక్క జతే కదా అడిగింది! మొత్తం చార్టు తిరగెయ్యమన్నానా?"

"ఒక జత కదిపితే ఏమవుతుందో తెలియకుండానే మేనేజరయ్యారా?"

అంత మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ఆయన "రేపు పదకొండింటికి" అని మళ్ళీ చెప్పి వెళ్ళిపోయాడు. ఆమెకి ఒళ్ళు మండుతోంది. నీ ఇంటి అల్లరి తీర్చడానికి నా చార్టు కావలసొచ్చిందా! రెండేళ్ళుగా చక్కగా నడుస్తున్న జతలు. బక్కాయనకి డ్రైవరు పట్టేవాడు. ఆ వారం ఉన్నట్టుండి రేడియో బాబాయి వచ్చిపడ్డాడు. చూపిస్తాను, రేపు ఆఫీసరు ముందు చీట్లు పరిచి, ఈయన పెట్టించిన జత తక్కినవాళ్ళని ఎలా తోసుకుంటూ పోయిందో కళ్ళకి కట్టినట్టు చూపిస్తాను అనుకుంది. ఆఫీసరు గారి ఆఫీసుకి ఫోను చేసి, మార్పులు మేనేజరు కోరిక మీదే జరిగాయని చెప్పేసింది కూడా.

టీ గ్లాసుతో మెట్ల దగ్గరికెళ్ళింది. రేడియో బాబాయి నాలుగు రోజులుగా అక్కడే కూర్చుంటున్నాడు. పనిలోకి రానివ్వట్లేదు, ఇంటికెళ్ళమంటే వెళ్ళట్లేదు. ఎప్పుడూ చెవి దగ్గర పెట్టుకునే చిన్న రేడియో ఒళ్ళో నోరు మూసుకుని పడుంది. ఆమె తిన్నగా ఎడమవైపుకి వెళ్ళి కూర్చుంది. ఎడమవైపే ఎందుకు కూర్చుందో ఆమెకి తెలుసు, తెలుసన్న సంగతి ఆలోచించకుండా కూర్చుంది.

"తాగు బాబాయ్."

"నిద్రపోయానంటున్నారమ్మా. నిలబడి ఎవడైనా నిద్రపోతాడా? రెండు చేతులా తాడు పట్టుకుని!"

"లేదులే బాబాయ్."

"గాలి. చెవుల్లో ఒకటే గాలి," అన్నాడు. గ్లాసు అందుకోలేదు.

ఆ మధ్యాహ్నం బక్కాయన భార్య వచ్చింది. లాకరులోవి తీసుకెళ్ళడానికి. చేతి తొడుగులు, తువ్వాలు, సగం వాడిన సబ్బు, చలికాలంలో వేసుకునే టోపీ. ఆవిడ ప్రతిదీ మడిచి సంచిలో పెట్టుకుంది, ఆ సబ్బుని కూడా. చీట్లమ్మ ఎదురుగా నిలబడింది. బల్ల మీద వాకీటాకీ ఉంది, నాలుగు రోజులుగా దాని గొంతు నొక్కేసి ఉంచింది. ఆ రోజు దాంట్లోంచే వినిపించింది, "పైన వింటున్నారా? ఆపండి. వింటున్నారా?" అని. తొందరేం లేని గొంతు, ఎప్పటి బక్కాయన గొంతే. ఈమె అందుకుని "బాబాయ్, పలుకు" అనేలోపు మొదటి తాడు తెగింది, ఆపని రెండో తాడు వదులుగా జారిపోయింది, అయిపోయింది.

"ఆదివారం రాత్రి ఆయన అన్నాడమ్మా," అంది ఆవిడ సంచి మూతి ముడేస్తూ. "రేపట్నించి నాకు డ్రైవరు కాదట, చార్టు మారిందిట అని. ఎందుకు మారిందీ అన్నాను. ఆ చీట్లమ్మ ఊరికే మార్చదులే, ఏదో ఉండుంటుంది అన్నాడు. ఏముంది?"

"మేనేజరు గారు బామ్మర్ది కోసం ఒక జత మార్పించారు వదినా. దాంతో అందరూ మారిపోయారు."

ఆవిడ ఆమెని కాసేపు చూసింది. "అంతేనా?" అంది.

"అంతే."

"సరే అయితే." సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. కోపగించుకోలేదు, ఏడవలేదు. ఆ 'సరే' చీట్లమ్మ వెంట ఇంటిదాకా వచ్చింది.

ఆమెది అక్క వాళ్ళతో కలిసిన కాపురమే. వంటగది బల్ల మీద అక్క కూరలు తరుగుతుంటే రెండో కొసన చీట్లు పరిచింది. బావ ఇంకా రాలేదు.

"ఆఫీసు పని ఇంటికి తేకే తల్లీ, ఇప్పటికే నిద్దట్లో పలకరిస్తున్నావ్."

"ఎవర్ని?"

"నాకేం తెలుసు. పలుకు, పలుకు అంటున్నావ్ తెల్లారగట్ల."

చీట్లమ్మ రేపు ఆఫీసరుకి చెప్పినట్టే పైకి చెప్పుకుంటూ మొదలుపెట్టింది. "ఇదిగో సార్, మేనేజరు గారు అడిగిన జత. పాటగాడు, బామ్మర్ది." నీలం ముక్క, దాని పక్కన పసుపు ముక్క. "ఇప్పుడు చూడండి, మిగతావాళ్ళకి వేరే దారి లేదు." మిరపకాయ చీటీ తీసింది. బామ్మర్ది అటు పోయాడు కాబట్టి వీడికి ఇక మీసాలాయన. లేదా పెద్దాయన.

చెయ్యి గాల్లో ఆగింది. లేదా ఏమిటి? లేదా ఉండకూడదు.

సరే, దీన్ని పక్కన పెడదాం అనుకుని పహిల్వాన్‌ని తీసింది. మీసాలాయన, లేదా డ్రైవరు. బక్కాయన? డ్రైవరు, లేదా రేడియో బాబాయి. ప్రతివాడి దగ్గరా రెండేసి దారులు. ఒక్కడూ వచ్చి కూర్చోడు. ఆమె చీట్లు కలిపేసి మళ్ళీ మొదటినించీ పెట్టింది. మళ్ళీ అంతే. మేనేజరు జత బల్ల మధ్యలో ఒంటరిగా ఉంది, దానికి తాళం వేసే శక్తి లేదు.

సంచిలోంచి పాత చార్టు తీసి పక్కన పెట్టుకుంది. రెండేళ్ళ జతలు. పాటగాడికి పెద్దాయన, మిరపకాయకి బామ్మర్ది, పహిల్వాన్‌కి మీసాలాయన, బక్కాయనకి డ్రైవరు, బావకి రేడియో బాబాయి. అలాగే పేర్చింది. ఇందులో మేనేజరు అడిగింది చెయ్యాలంటే ఏం కదపాలి? బామ్మర్దిని తీసి పాటగాడి పక్కన పెట్టింది. అక్కడి పెద్దాయన్ని తీసి మిరపకాయ పక్కన పెట్టింది. పెద్దాయన ముందు మిరపకాయ నోరెత్తడు. అయిపోయింది. రెండు పసుపు ముక్కలు చోట్లు మార్చుకున్నాయి. ఇంకెవ్వరూ కదలలేదు. బక్కాయన పక్కన డ్రైవరు అలాగే ఉన్నాడు.

అక్క కత్తి చప్పుడు ఒక్కటే వినపడుతోంది. మరి ఆ శనివారం నేనేం చేశాను?

ఏం చేసిందో చేతులకి గుర్తుంది. మేనేజరు అటు వెళ్ళగానే చీట్లన్నీ చెరిపేసింది. చెరిపి, అన్నిటికన్నా ముందు ఒక నీలం ముక్క తీసి, పెద్దాయన పక్కన పెట్టింది. బావది.

ఇప్పుడూ అదే పెట్టింది. బావ, పెద్దాయన. పెట్టగానే పాటగాడికి బామ్మర్ది తప్ప గతి లేదు. మిరపకాయకి మీసాలాయన తప్ప, పహిల్వాన్‌కి డ్రైవరు తప్ప, బక్కాయనకి రేడియో బాబాయి తప్ప. ఒకటి తర్వాత ఒకటి, టక టకా వచ్చి కూర్చున్నాయి. మేనేజరు అడిగిన జత కూడా దానంతటదే వచ్చింది. ఆయన అడగకపోయినా వచ్చేది. ఆయన ఆ రోజు ఆఫీసుకే రాకపోయినా వచ్చేది.

తాళం ఆమెదే. ఒక్క చీటీ.

"ఏమిటే, అలా తెల్లబోయావ్?" అంది అక్క.

చెప్పింది. మూడు వారాల కిందట రేడియో బాబాయిని కుడివైపునించి పిలిస్తే పలకలేదని, నాలుగుసార్లు పిలిచి చూశానని, రేడియో కూడా ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటున్నాడని గమనించానని. ఆఫీసులో చెబితే ఆ వయసులో ఆయన్ని ఇంటికి పంపేస్తారని చెప్పలేదని. చెప్పకుండా, బావని మాత్రం ఆయన తాడు కిందనించి తప్పించాలని కాచుకుని ఉన్నానని. మేనేజరు అడిగేసరికి సందు దొరికిందని. "చార్టు మొత్తం తిరగబడితే మేనేజరు మీదికి పోతుందిలే అనుకున్నానే. అనుకున్నానని కూడా తెలియకుండా అనుకున్నాను."

అక్క కత్తి పక్కన పెట్టి లేచింది. చేతులు తుడుచుకుని, వచ్చి, చెల్లెలి తల తన పొట్టకేసి అదుముకుంది. గట్టిగా, ఊపిరాడనంత గట్టిగా.

"నువ్వు చేసింది మంచి పనే. వింటున్నావా? నా ఇల్లు నిలబెట్టావు. ఈ మాట నీ నోటినించి గడప దాటిందా, నా మీద ఒట్టే. పోయినాయన తిరిగొస్తాడా?"

చీట్లమ్మ తల విడిపించుకోలేదు. అక్క గుండె చప్పుడు వినపడుతోంది. అందులో కూడా మూడు మూడుగా ఏదో కొడుతున్నట్టే ఉంది.

మర్నాడు ఆఫీసరు చెప్పిన వేళకే వచ్చాడు. మర్యాదస్తుడు, పెన్నుకి మూత పెట్టి తీసి పెట్టి తీసే అలవాటు. మీటింగు గదిలో ఒక వైపు మేనేజరు, ఒక వైపు డ్రైవరూ పెద్దాయనా, ఓ మూల కుర్చీలో రేడియో బాబాయి. ఆయన ఎడమ చెవిని బల్ల వైపు పెట్టుకుని మెడ వంచి కూర్చున్నాడు. పాపం, వినాలని తాపత్రయం.

"ఈ జతలు నిర్ణయించేది మీరా?"

"నేనే సార్."

"ఆ వారం మార్పులు మేనేజరు గారి కోరిక మీద జరిగాయని మీరు నిన్న ఫోన్లో చెప్పారట."

మేనేజరు మొహం పాలిపోయింది. చీట్లమ్మ డబ్బా మూత తీసింది. చెప్పొచ్చు. ఈ చీట్ల సంగతి ఆమెకి తప్ప ఈ గదిలో ఎవరికీ తెలియదు, ఎలా పేర్చి చూపిస్తే అలా నమ్ముతారు. అక్క ఒట్టేసి పంపింది. ఆమె మేనేజరు జత పెట్టి, పాత చార్టులోని రెండు ముక్కలు మార్చి చూపించింది. "ఆయన అడిగినదానికి ఇంతే కదలాలి సార్. నేను ముందు మా బావ చీటీ పెట్టాను. అందుకని ఇలా అయింది." మళ్ళీ పేర్చి చూపించింది.

ఆఫీసరు రెండు పేర్పులూ శ్రద్ధగా చూశాడు. "ఈ రెండోదాన్లో నిబంధనలకి విరుద్ధంగా ఏమైనా ఉందా? బరువు, శిక్షణ, పాసులు?"

"లేదు సార్. అన్నీ సరిపోతాయి."

"మరి మీ తప్పేముందమ్మా? బంధువుని మంచి జతలో పెట్టకూడదని రూలు లేదే." పెన్ను మూత తీసి రాసుకున్నాడు. "జతల కేటాయింపు నిబంధనల ప్రకారమే జరిగింది. పట్టే వ్యక్తి అజాగ్రత్త."

ఇంకా ఒక మాట ఉంది. ఆయనకి వినపడదని నాకు తెలుసు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. మూల కుర్చీలో ముసలాయన మెడ ఇంకాస్త వంచి, ఆమె పెదాల వైపే చూస్తున్నాడు. ఆమె చీట్లు డబ్బాలో వేసుకుని మూత పెట్టేసింది. మాట కూడా అందులోనే పడిపోయింది.

బయటికి రాగానే మేనేజరు ఆమె వెనకే పరిగెత్తుకొచ్చాడు. "మీలాంటి నిజాయితీపరుల్ని నేను చూడలేదమ్మా. మీ మేలు మర్చిపోను," అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. చీట్లమ్మకి తల కొట్టేసినట్టయింది.

గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. భుజం మీద చెక్క కుర్చీ, చేతిలో తాడు చుట్ట. అక్క చెప్పేసిందని ఆయన మొహం చూడగానే తెలిసిపోయింది. ఇద్దరూ ఫుట్‌పాత్ వెంట నడిచారు.

"నన్నొక మాట అడగాల్సింది," అన్నాడు బావ రోడ్డు మలుపు దగ్గర.

"అడిగితే ఒప్పుకోవని."

"ఒప్పుకోను. ఎందుకొప్పుకుంటాను? ఆయన చెవి సంగతి నాకు ఏడాదినించీ తెలుసు."

ఆమె ఆగిపోయింది.

"నేనూ ఆయనా వాకీటాకీ ఎప్పుడో మానేశాం," అన్నాడు బావ. తాడు చుట్ట విప్పి కొస ఆమె చేతికిచ్చాడు. రెండు అడుగులు వెనక్కి వేసి, తాడు రెండుసార్లు గుంజాడు. ఆమె అరచేతిలో రెండుసార్లు గుంజింది. "ఇది ఆపు. మూడైతే వదులు. పొడుగ్గా ఒకటైతే పైకి లాగు. ఆయన చేతికి తెలిసినంత బాగా ఏ చెవికీ తెలియదు. నన్నేనాడూ జానెడు కూడా ఎక్కువ వదల్లేదు."

"మరి అన్నకి?"

"బక్కాయనకి ఆ సంగతి ఎవరు చెబుతారు? నేను చెబితే అందరికీ తెలుస్తుంది, ముసలాయన ఉద్యోగం పోతుంది. వాళ్ళిద్దరూ ఎప్పటికీ జత కారు కదా అనుకున్నాను. సోమవారం పొద్దున చార్టు చూశాను కూడా. అరెరె అనుకున్నాను. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను." తాడు చుట్టుకుంటూ పక్కకి తిరిగాడు. బావ ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు, అప్పుడూ చూడకుండా రోడ్డు వైపు చూసింది. అరచేతిలో ఆ రెండు గుంజులూ ఇంకా ఉన్నాయి.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. బక్కాయన ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకుని వెళ్ళింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఊళ్ళో వాళ్ళందరి అద్దాలూ తుడిచినవాడి ఇంట్లో ఒకే ఒక్క కిటికీ. అది మాత్రం తళతళలాడుతోంది.

ఆవిడ మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. చీట్లమ్మ నీళ్ళు ముట్టుకోకుండా బల్ల మీద చీట్లు పరిచింది. నిన్న చెప్పింది అబద్ధమని ముందే చెప్పింది. తర్వాత మొదటి చీటీ ఏదో, దాని వెనక మిగతావి ఎలా వచ్చిపడ్డాయో చూపించింది. చెబుతుంటే అదంతా ఎంతో తిరకాసుగా వినపడింది, ఇన్ని మీటలు, ఇన్ని పాసులు, ఇన్ని ముడులు. ఆవిడ మధ్యలో చెయ్యెత్తి ఆపింది.

"ఇవన్నీ నాకొద్దమ్మా. ఆ రేడియో ఆయన కింద మీ బావైనా ఉండాలి, మా ఆయనైనా ఉండాలి. అంతేనా?"

ఐదు జతల లెక్క అంతా అంతే. ఆరేళ్ళ తాళాలూ అంతే.

"అంతే వదినా."

"మీరు మీ బావని తీశారు."

"తీశాను."

"ఎందుకు తియ్యడం? ఆయనలో ఏం లోపముందని?"

"కుడి చెవి వినపడదు. నాకు తెలుసు."

కిందెక్కడో ఎవరో కుళాయి తిప్పారు, నీళ్ళు గోడలోంచి పైకెక్కుతున్న చప్పుడు వినపడింది. ఆవిడ చెయ్యి చాపి, బక్కాయన చీటీ తీసి డ్రైవరు పక్కన పెట్టింది. చూపుడు వేలితో సరిచేసింది. తర్వాత బావ చీటీ తీసి రేడియో బాబాయి పక్కన పెట్టింది. మిగతావాటి జోలికి పోలేదు.

"ఇలా ఉంటే," అంది మెల్లగా, "ఇవాళ ఇక్కడ, నా చోట్లో, మీ అక్క కూర్చుని ఉండేది. కాదూ?"

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. దారి చూపిస్తున్నట్టే ఉంది. ఔనంటే చాలు. అక్క కోసం చేశాను, మీరైనా మీ చెల్లెలి మొగుడైతే అదే చేసేవారు, అని రెండు ఏడుపులు కలిసి ఏడ్చి లేచి వెళ్ళిపోవచ్చు. చీట్లమ్మ అరచెయ్యి మూసుకుంది.

"లేదు వదినా," అంది. "ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు."

తాడు గుంజుల సంగతి చెప్పింది. రెండైతే ఆపు. ఏడాదిగా వాళ్ళిద్దరూ అలాగే పని చేసుకుంటున్నారని. కదపకుండా ఉంటే బావ ఇంటికొచ్చేవాడు, అన్న కూడా ఇంటికొచ్చేవాడు, ఆ ముసలాయన కూడా రేడియో వింటూ ఉండేవాడు. చెబుతూ చెబుతూ ఆమెకి ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. తన ఏడుపు తను అప్పుడు మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా, బల్ల మీది చీట్ల వైపే చూస్తూ. చాలాసేపు అలా చూసింది. ఒకసారి బక్కాయన చీటీ మీద అరచెయ్యి బోర్లించింది, మళ్ళీ తీసేసింది.

తర్వాత లేచి లోపలికి వెళ్ళి, ఒక తెల్లకాగితం, పెన్ను పట్టుకొచ్చింది.

"నాకు చెప్పడం కాదమ్మా. ఆయనకి వినపడదని మీకు తెలుసని రాయండి. మీ బావకి తెలుసని కూడా రాయండి. ఆ తాడు గుంజడం కూడా. నిద్రపోయాడని అంటున్నారట ఆ ముసలాయన్ని. నిద్రపోయిన మనిషి చేతిలో మా ఆయన పోయాడని నా పిల్లకి చెప్పుకోలేను."

రాస్తే తన ఉద్యోగం ఉండదు. బావదీ ఉండదు. ఆ రెండు జీతాల మీదే ఇల్లు నడుస్తోంది. అక్క గడప దగ్గరే నిలబడి ఉంటుంది ఈపాటికి, ఎక్కడికెళ్ళావే ఇంతసేపూ అని అడగడానికి. చీట్లమ్మ పెన్ను అందుకుంది. ఇది రాశాక తర్వాతివన్నీ ఎలా వచ్చి కూర్చుంటాయో ఆమెకి ఒక్కొక్కటీ కనపడుతూనే ఉంది. అయినా తారీఖు వేసి మొదలుపెట్టింది. మూడు వారాల కిందట కుడివైపునించి నాలుగుసార్లు పిలవడం దగ్గర్నించి రాసింది. పేజీ నిండింది. వెనక కూడా రాసింది.

రాయడం అయ్యాక తల ఎత్తలేకపోయింది. కళ్ళనిండా నీళ్ళు, కాగితం అలుక్కుపోయి కనపడుతోంది, సంతకం ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు.

ఆవిడ ముందుకి వంగి, కాగితం చివర వేలి కణుపుతో కొట్టి చూపించింది. టక్. టక్. టక్.

చీట్లమ్మ అక్కడ తన అసలు పేరు రాసింది.